వేన్ కౌంటీ వేలంలో 500 డాలర్ల ఇల్లు: కొనాలా, ల్యాండ్ బ్యాంకు దగ్గరకు వెళ్లాలా?

కాంటన్_గోదారి
అందరికీ నమస్కారం. మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఈ ఏడాది వేన్ కౌంటీ (మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ ఉన్న కౌంటీ) పన్ను వేలంలో, అంటే పన్ను కట్టనందుకు కౌంటీ జప్తు చేసిన ఇళ్ల వేలంలో, ఒకటో రెండో ఇళ్లు కొందామని అనుకుంటున్నాం. సెప్టెంబరు రౌండ్‌లో పాట బకాయి మొత్తం దగ్గర మొదలవుతుంది. అక్కడ అమ్ముడుపోనివి అక్టోబరులో 500 డాలర్ల నుంచి పెడతారు. కొని, రిపేరు చేయించి, అద్దెకివ్వాలని మా ప్లాను. అందరికీ ఉద్యోగాలున్నాయి కాబట్టి పని ఒక కాంట్రాక్టర్‌కు అప్పజెప్తాం.

ల్యాండ్ బ్యాంకు అంటే అలా జప్తయిన, వదిలేసిన ఇళ్లను తీసుకుని చూసుకునే ప్రభుత్వ సంస్థ అని విన్నాం. మొన్న ఒక ఫంక్షన్‌లో ఒకాయన, "మంచి ఇళ్లన్నీ ల్యాండ్ బ్యాంకు ముందే లాగేసుకుంటుంది, మనదాకా వచ్చేది చెత్తే. అసలు ప్రభుత్వానికి రియల్ ఎస్టేట్ వ్యాపారం ఎందుకు, ఆ చట్టమే తప్పు" అన్నారు. ఆ మాట నిజమేనా? ఈ చట్టం ఎందుకు వచ్చింది, ఎలా పనిచేస్తుంది, మాలాంటి వాళ్లు వేలంలో కొనడం మంచిదా, ల్యాండ్ బ్యాంకులో కొనడం మంచిదా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ట్రాయ్_టైటిల్
తమ్ముడూ, నేను పనిచేసేది టైటిల్ ఆఫీసులో, అంటే ఆస్తి హక్కు ఎవరిదో సరిచూసే చోట. ముందు వేలం సంగతి చెప్తాను.

ఇంటి లోపలికి వెళ్లి చూడనివ్వరు. బయటి నుంచి చూసుకోవాల్సిందే. లోపల రాగి పైపులు, ఫర్నేసు (ఇంటిని వెచ్చబెట్టే యంత్రం) ఉన్నాయో లేదో తెలియదు. ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్లను ఖాళీ చేయించే బాధ్యత కొన్నవాళ్లదే. ఆ ఏడాది సమ్మర్ టాక్స్ కూడా మీ నెత్తినే పడుతుంది. చేతికి వచ్చేది క్విట్‌క్లెయిమ్ డీడ్. అంటే కౌంటీ తనకున్న హక్కు ఏదైతే ఉందో అది మీకు రాసిస్తుంది, అంతకు మించి హామీ ఇవ్వదు. రేపు మీరు అమ్మబోతే చాలా టైటిల్ కంపెనీలు ముందు కోర్టులో క్వయిట్ టైటిల్ దావా, అంటే ఆ ఆస్తి మీదేనని తేల్చే దావా, వేసుకుని రమ్మంటాయి. లాయరు ఫీజు ఇల్లు కొన్న ధర కంటే ఎక్కువైన ఫైళ్లు నా టేబుల్ మీదికే వచ్చాయి.

ఇంకో సంగతి. మీ నలుగురిలో ఎవరి పేరు మీదైనా, ఎవరి ఎల్ఎల్‌సీ (సొంత కంపెనీ) మీదైనా అదే కౌంటీలో పన్ను బకాయి ఉంటే పాడటానికే వీల్లేదు. అఫిడవిట్ మీద సంతకం పెట్టించుకుంటారు. తేలిగ్గా తీసుకోవద్దు.

ఎడిసన్_ఎక్స్‌ప్రెస్
మా న్యూజెర్సీలో ఇలా ఉండదు. ఇక్కడ ఇల్లు అమ్మరు, బకాయి కాగితం అమ్ముతారు. టాక్స్ సేల్ సర్టిఫికెట్ అంటారు. 18 శాతం వడ్డీ నుంచి పాట కిందికి పోతుంది, తక్కువ వడ్డీకి ఒప్పుకున్నవాడికి కాగితం దక్కుతుంది. ల్యాండ్ బ్యాంకు పెట్టుకునే అధికారం మా మునిసిపాలిటీలకు 2019 చట్టంతో వచ్చింది. మిషిగన్‌లో కాగితం కాకుండా నేరుగా ఇల్లే ఎందుకు అమ్ముతున్నారు?

ఫ్లింటు_వాసి
ఎడిసన్ గారూ, ఒకప్పుడు మిషిగన్‌లోనూ కాగితాలే అమ్మేవారు. అది మారిన కథే ఈ ల్యాండ్ బ్యాంకు చట్టం కథ. నేను చాలా ఏళ్లుగా ఫ్లింటులో ఉంటున్నాను. కాస్త పెద్దదవుతుంది, ఓపికగా చదవండి.

1960లో ఫ్లింటు జనాభా దాదాపు 1 లక్షా 97 వేలు. 2020 లెక్కల్లో 81 వేలు. జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, జనం వెళ్లిపోయారు, ఇళ్లు మిగిలాయి. అమ్ముదామంటే కొనేవాడు లేడు, పన్ను కడదామంటే ఎందుకు కట్టాలో అర్థం కాని పరిస్థితి. పాత పద్ధతిలో ఆ బకాయిని ఒక పెట్టుబడిదారు కొనేవాడు. వడ్డీ వస్తే సరే, రాకపోతే ఇల్లు వస్తుందని అతని ఆశ. ఇల్లు చేతికి రావడానికి ఆరేడేళ్లు పట్టేది. ఈలోపు కప్పు కూలేది. నోటీసు ఫలానా వారసుడికి అందలేదని తర్వాత ఎవరో కోర్టుకెళ్లేవారు, టైటిల్ మళ్లీ గాల్లో. పక్కింట్లో కాపురముంటున్న మనిషికి మాత్రం ఎలుకలు, అగ్గి, దొంగలు అన్నీ అప్పటికప్పుడే.

1999లో మిషిగన్ 123వ నంబరు చట్టం తెచ్చింది. బకాయి కాగితాలు అమ్మడం ఆపేసి, సుమారు మూడేళ్లలో కోర్టు తీర్పుతో ఇల్లు నేరుగా కౌంటీ ట్రెజరర్ చేతికి వచ్చేలా చేసింది. అప్పుడు మా జెనెసీ కౌంటీ ట్రెజరర్ డాన్ కిల్డీ. తర్వాత అమెరికా కాంగ్రెస్ సభ్యుడయ్యారు కదా, ఆయనే. ఇళ్లు చేతికొచ్చాక ఆయనకు ఎదురైన ప్రశ్న చాలా మామూలుది: వీటిని వేలంలో ఎక్కువ పాట పాడినవాడికి ఇచ్చేస్తే, వాడూ పన్ను కట్టకపోతే, మూడేళ్లకు అదే ఇల్లు ఇంకాస్త పాడై మళ్లీ మన దగ్గరికే వస్తుంది. అలా ఎన్నిసార్లు?

ఆ ప్రశ్నకు జవాబుగానే 2003 నాటి 258వ నంబరు చట్టం వచ్చింది. ల్యాండ్ బ్యాంక్ ఫాస్ట్ ట్రాక్ యాక్ట్ అంటారు. అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీ లా ప్రొఫెసర్ ఫ్రాంక్ అలెగ్జాండర్ ఈ రంగంలో దేశమంతా పనిచేసిన మనిషి, చాలా రాష్ట్రాల చట్టాల వెనక ఆయన ఆలోచన కనిపిస్తుంది. చట్టం ఇచ్చిన అధికారాలు చూడండి. ల్యాండ్ బ్యాంకు దగ్గరున్నంత కాలం ఆస్తికి పన్ను ఉండదు. వందల స్థలాల టైటిల్‌ను ఒకే దావాలో శుభ్రం చేసుకోవచ్చు. అమ్మేటప్పుడు ఎక్కువ ధరకే అమ్మాలన్న నిబంధన లేదు, ఎవరికి ఇస్తే ఆ వీధి నిలబడుతుందో వాళ్లకు ఇవ్వచ్చు. అమ్మాక ఐదేళ్లపాటు ఆ ఇంటి మీద వచ్చే పన్నులో సగం ల్యాండ్ బ్యాంకుకే వస్తుంది, దాంతో తర్వాతి ఇంటి పని నడుస్తుంది.

ఈ ఆలోచన మిషిగన్‌తో పుట్టిందేం కాదు. సెయింట్ లూయిస్‌లో 1971లోనే ఇలాంటి సంస్థ పెట్టారు. కానీ అది ఎవరూ కొననివి వచ్చి పడే గోదాములా మిగిలిపోయింది. పన్ను జప్తు చట్టాన్నీ ల్యాండ్ బ్యాంకునూ ఒకదానికొకటి జతచేయడమే 1999, 2003 చట్టాలు చేసిన కొత్త పని.

"మంచివన్నీ లాగేసుకుంటుంది" అన్న మాటకు నా జవాబు: ఎక్కువ భాగం ఇళ్లు రెండు వేలాల్లోనూ ఎవరూ పాడనివే ల్యాండ్ బ్యాంకుకు చేరతాయి. ఎవరికీ అక్కర్లేని స్థలం గడ్డి కోయడం దగ్గర్నుంచి దాని పనే. కావాలంటే ఫ్లింటు రండి, నేనే తిప్పి చూపిస్తాను.

కాంటన్_గోదారి
ఫ్లింటు అన్నా, ఇంత ఓపికగా రాసినందుకు థాంక్స్. అయితే ఒక డౌట్. అమ్మేది ఎక్కువ ధరకు కాదు, గడ్డి కోయాలి, కూల్చాలి. మరి డబ్బు ఎక్కడిది?

క్లీవ్‌లాండ్_బాబాయ్
డబ్బు సంగతి మా ఒహాయో వాళ్లు చట్టంలోనే రాసుకున్నారు. మిషిగన్‌ను చూసి, కయహోగా కౌంటీ ట్రెజరర్ జిమ్ రొకాకిస్ పట్టుబట్టి తెప్పించిన చట్టం అది, సెనేట్ బిల్లు 353. 2009లో అమల్లోకి వచ్చింది. మొదట మా ఒక్క కౌంటీకే. మరుసటి ఏడాదే వేరే కౌంటీలకూ విస్తరించారు. బకాయిల వసూళ్లలో వచ్చే పెనాల్టీ, వడ్డీల నుంచి ల్యాండ్ బ్యాంకుకు నిధులు వెళ్లేలా ఏర్పాటు చేశారు. ఏటా కౌన్సిల్ ముందు చెయ్యి చాచాల్సిన అవసరం లేదు. ఏ చట్టమైనా నిలబడేది ఇలాంటి చోటే. పని అప్పజెప్పి పైసలివ్వని చట్టాలు కాగితాల మీదే ఉండిపోతాయి.

2008 తర్వాత మా క్లీవ్‌లాండ్‌లోని స్లావిక్ విలేజ్ పేట ఎలా ఉండేదో చూసినవాడిని. బ్యాంకులు జప్తు చేసిన ఇళ్లను గంపగుత్తగా ఎల్ఎల్‌సీలకు అమ్మేసేవి. ఎక్కడో కాలిఫోర్నియాలో, ఫ్లోరిడాలో కూర్చున్నవాడు ఫొటో చూసి కొనేవాడు. ఇల్లు ఎప్పుడూ చూడడు, పన్ను కట్టడు, ఫోన్ ఎత్తడు. కాంటన్ బాబూ, నిన్ను అనడం లేదు. కానీ "నలుగురికీ ఉద్యోగాలున్నాయి, కాంట్రాక్టర్‌కు అప్పజెప్తాం" అన్నావు చూడు, అది చదివి మనసు కొంచెం చివుక్కుమంది. ఆ వీధుల్లో ఉన్నవాళ్లు అలాంటి యజమానుల వల్లే విసిగిపోయారు.

మా ల్యాండ్ బ్యాంకు దీనికి ఒక మంచి పద్ధతి పెట్టింది. ఇల్లు కొంటానని ఒప్పందం చేసుకున్నా డీడ్ వెంటనే చేతికివ్వరు, ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి దగ్గర, ఉంచుతారు. చెప్పిన రిపేర్లన్నీ పూర్తయి, ఇన్‌స్పెక్షన్ అయ్యాకే డీడ్ నీ పేరున రిజిస్టరవుతుంది. పని చేయనివాడికి ఇల్లు దక్కదు.

కాకినాడ_రెవెన్యూ
నేను మునిసిపల్ రెవెన్యూ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అమ్మాయి దగ్గరికి వచ్చి ప్రస్తుతం నోవైలో ఉంటున్నాను. చదువుతుంటే ఆశ్చర్యంగా ఉంది.

మన దగ్గర ఇంటి పన్ను కట్టకపోతే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. నోటీసులు ఇస్తాం, సామాను జప్తు చేస్తామంటాం, నల్లా తీసేస్తామంటాం. 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద ఆస్తి వేలం దాకా వెళ్లడానికి అధికారం ఉంది. కానీ ఇంటి పన్ను కోసం కుటుంబాన్ని ఇంట్లోంచి పంపించి ఇల్లు అమ్మేయడం నా సర్వీసులో నేను చూడలేదు. చివరికి ప్రభుత్వమే వడ్డీ మాఫీ ప్రకటిస్తుంది. హైదరాబాదులో 2020లో, మళ్లీ 2022లో వడ్డీలో 90 శాతం వదిలేశారు. సక్రమంగా కట్టినవాడికి అది బాధగానే ఉంటుంది, అది వేరే విషయం.

మన ఊళ్లలో ఖాళీగా పాడుబడే ఇళ్లు ఉన్నాయి కానీ వాటి వెనక అన్నదమ్ముల పంపకాల గొడవలే ఎక్కువ. స్థలం విలువ ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి వదిలేసి వెళ్లేవాడు ఉండడు. ఇక్కడ ఇల్లు విలువ పన్ను బకాయి కంటే కిందికి పడిపోయింది. సమస్యే వేరు. అందుకని అక్కడి చట్టం ఇక్కడ, ఇక్కడి చట్టం అక్కడ అతకదు.

నా ప్రశ్న ఒక్కటే. బకాయి 5 వేలు, ఇల్లు 50 వేలకు అమ్ముడుపోయింది అనుకుందాం. మిగతా 45 వేలు ఎవరివి?

ట్రాయ్_టైటిల్
అంకుల్, సూటిగా అసలు ప్రశ్న వేశారు. 2020 దాకా మిషిగన్‌లో జవాబు: కౌంటీవి. మొత్తం.

మా ఓక్లాండ్ కౌంటీలోనే, సౌత్‌ఫీల్డ్‌లో ఒక ఇల్లు. యజమాని రఫాయెలీ అనే పెద్దాయన, 2011లో 60 వేల డాలర్లకు కొని అద్దెకిచ్చారు. పన్ను కొంత తక్కువ కట్టినట్టు తెలిసి తర్వాత కట్టేశారు, కానీ ఆ మధ్య కాలపు వడ్డీలో 8 డాలర్ల 41 సెంట్లు తగ్గింది. అంతే. పెనాల్టీలు, ఫీజులు కలిసి 285 డాలర్లయింది. 2014లో కౌంటీ ఇల్లు జప్తు చేసి 24,500 డాలర్లకు వేలంలో అమ్మింది. ఆయనకు ఒక్క డాలరూ రాలేదు. చట్టప్రకారమే చేశామని కౌంటీ వాదించింది. అది కూడా నిజమే, చట్టం అలాగే ఉంది.

2020 జులైలో మిషిగన్ సుప్రీం కోర్టు అది కుదరదని తేల్చింది. పన్ను, వడ్డీ, ఖర్చులు పోను మిగిలింది యజమాని ఆస్తి, పరిహారం ఇవ్వకుండా తీసుకోవడం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. 2023 మేలో అమెరికా సుప్రీం కోర్టు కూడా టైలర్ వర్సెస్ హెన్నపిన్ కౌంటీ కేసులో ఏకగ్రీవంగా అదే మాట అంది. మినియాపొలిస్‌లో 94 ఏళ్ల ముసలావిడ కాండో అది. బకాయి మొత్తం 15 వేలు, అమ్మింది 40 వేలకు, కౌంటీ 25 వేలు ఉంచేసుకుంది.

డౌన్‌టౌన్_డెట్రాయిట్
ఈ మాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. ఫ్లింటు అన్న చెప్పిన చట్టంలో మంచి ఉంది, కాదనను. కానీ డెట్రాయిట్‌లో ఆ ఇళ్లు కౌంటీ చేతికి ఎలా వచ్చాయో కూడా చెప్పాలి కదా.

మిషిగన్ రాజ్యాంగం ప్రకారం ఇంటి అసెస్‌మెంటు, అంటే పన్ను వేయడానికి అసెసర్ కట్టే విలువ, మార్కెట్ విలువలో సగం దాటకూడదు. 2008 తర్వాత డెట్రాయిట్‌లో ఇళ్ల ధరలు కుప్పకూలాయి. అసెస్‌మెంట్లు మాత్రం తగ్గించలేదు. 20 వేలు కూడా చేయని ఇంటికి 60 వేల ఇంటి పన్ను వేస్తే ఎవరు కడతారు? 2010 నుంచి 2016 మధ్య ఇంటి యజమానుల మీద కనీసం 60 కోట్ల డాలర్ల పన్ను ఎక్కువ వేశారని 2020లో డెట్రాయిట్ న్యూస్ లెక్కతేల్చింది. అన్ని ఇళ్లనూ కొత్తగా విలువ కట్టడం 2017లో గానీ పూర్తికాలేదు. ఆ మధ్యలో ఎన్ని కుటుంబాలు ఇల్లు పోగొట్టుకున్నాయో ఆలోచించండి. పేదవాళ్లకు పన్ను మినహాయింపు ఉన్నా, దానికి ఏటా అప్లికేషన్ పెట్టుకోవాలన్న సంగతే చాలామందికి తెలియదు. నేను వారాంతాల్లో ఆ అప్లికేషన్లు నింపి పెట్టే చోట సాయం చేస్తాను. 70 ఏళ్ల మనిషి, నలభై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు, చేతిలో పసుపు రంగు నోటీసు సంచి పట్టుకుని వస్తారు.

అందుకే 500 డాలర్ల ఇల్లు అన్నప్పుడు ఆ ధర ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చూడాలి. ల్యాండ్ బ్యాంకు గడ్డి కోసిన డబ్బు కూడా ఎవరిదో చూడాలి.

ఫ్లింటు_వాసి
డెట్రాయిట్ తమ్ముడూ, నువ్వన్న అసెస్‌మెంట్ల సంగతి పూర్తిగా ఒప్పుకుంటాను. అది ఘోరం. కానీ అది ల్యాండ్ బ్యాంకు చట్టం చేసింది కాదు, సిటీ అసెసర్ ఆఫీసు చేసింది.

డబ్బు సంగతికొస్తే, నువ్వు చెయ్యి పెట్టింది సరైన చోటే. మా దగ్గర మొదటి రోజుల్లో నడిచింది ఇదీ: కౌంటీ మొత్తం మీద జప్తయిన ఇళ్లలో గ్రాండ్ బ్లాంక్, ఫెంటన్ లాంటి చోట మంచి ధర పలికే ఇళ్లు కొన్ని ఉండేవి. వాటి మిగులుతో ఫ్లింటు నడిబొడ్డున ఎవరూ కొనని ఇళ్లను కూల్చారు. 35 లక్షల డాలర్లతో కూల్చివేతలు చేస్తే చుట్టుపక్కల ఇళ్ల విలువ 11 కోట్లకు పైగా నిలబడిందని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు అప్పట్లో లెక్కగట్టారు. అప్పుడు మేమందరం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు కోర్టు చెప్తున్నది, ఆ మిగులు ఫెంటన్‌లో ఇల్లు పోగొట్టుకున్న మనిషిదని. న్యాయంగా చూస్తే కోర్టు మాటే రైటు. కానీ మరి మా వీధిలో కాలిపోయిన ఇల్లు ఎవరు కూలుస్తారు? ఆ డబ్బు రాష్ట్రమో కేంద్రమో ఇవ్వాలి. 2013లో కేంద్రం హార్డెస్ట్ హిట్ ఫండ్ నుంచి 10 కోట్ల డాలర్లు డెట్రాయిట్, ఫ్లింటు, సాగినా, పాంటియాక్, గ్రాండ్ రాపిడ్స్ కూల్చివేతలకు ఇవ్వడం వల్లే మేం ఊపిరి పీల్చుకున్నాం. అది ప్రత్యేకంగా వచ్చిన డబ్బు. ఏటేటా రాదు.

డౌన్‌టౌన్_డెట్రాయిట్
మీరు కోర్టు మాట రైటు అన్నారు, అది చాలు అన్నా. అయితే ఒక్క మాట. అసెసర్ ఆఫీసు వేరు, ట్రెజరర్ వేరు, ల్యాండ్ బ్యాంకు వేరు అనేది మనకు. ఇల్లు పోయినావిడకు అందరూ ఒక్కటే. చట్టంలో జప్తుకు ముందు "ఈ పన్ను అసలు సరిగ్గా వేశారా" అని తిరిగి చూసే మెట్టు ఒకటి ఉండాలని నేనడుగుతున్నాను. మూడేళ్ల గడువులో నోటీసులు అన్ని వస్తాయి, ఆ ఒక్క ప్రశ్న ఎవరూ వేయరు. మినహాయింపుకు అర్హులైనవాళ్ల పాత బకాయిలు రద్దు చేసే అధికారం కూడా ఉండాలి.

ఫార్మింగ్టన్_99
ఇక్కడ అడగొచ్చో లేదో. టెన్షన్‌గా ఉండి రాస్తున్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి మూడేళ్ల కింద ఇండియా తిరిగి వెళ్లిపోయాడు, హైదరాబాదులో ఉంటున్నాడు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు అలాగే ఉంది, అద్దెకుంది. వెళ్లేముందే లోను పూర్తిగా కట్టేశాడు. పన్ను ఇదివరకు బ్యాంకువాళ్లే ఎస్క్రో నుంచి, అంటే లోను కిస్తీతో కలిపి తీసుకుని పక్కన పెట్టిన డబ్బు నుంచి, కట్టేవారు, లోను తీరాక తనే కట్టాలని వాడికి తట్టలేదట. ఉత్తరాలు పాత అడ్రసుకు వెళ్లాయి. అద్దెకుంటున్నవాళ్లు నిన్న ఫోటో పంపారు, తలుపుకు నోటీసు అంటించి ఉంది. 2023 పన్ను బకాయి అని రాసి ఉంది. ఇల్లు పోయినట్టేనా?

ట్రాయ్_టైటిల్
పోలేదు. కానీ ఈ నెలలోనే కదలాలి. జాగ్రత్తగా చదవండి.

2023 పన్ను కట్టకపోతే 2024 మార్చి 1న అది కౌంటీ ట్రెజరర్‌కు చేరుతుంది. అక్కడ 4 శాతం ఫీజు, నెలకు 1 శాతం వడ్డీ. 2025 మార్చి 1న ఫర్ఫిచర్ (పూర్తి జప్తుకు ముందు మెట్టు) అవుతుంది, అప్పటి నుంచి వడ్డీ నెలకు ఒకటిన్నర శాతం, అదీ మొదటి నుంచి లెక్కగడతారు. టైటిల్ వెతికిన ఖర్చులూ కలుస్తాయి. 2026 మార్చి 31 ఆఖరు తేదీ. ఆ రోజు దాటితే ఇల్లు కౌంటీది. ఆ తర్వాత ఎంత డబ్బు పట్టుకెళ్లినా తీసుకోరు.

ట్రెజరర్ ఆఫీసుకు రేపే ఫోన్ చేసి, 2023 బకాయి ఇవాళ్టి తేదీకి ఎంతో కనుక్కోండి. జప్తు ఆపడానికి 2023ది పూర్తిగా కడితే చాలు, 2024ది తర్వాత కట్టుకోవచ్చు, కానీ కుదిరితే రెండూ కట్టేయండి. ఒక్క డాలరు కూడా తక్కువ కట్టవద్దు, పైన రాసిన 8 డాలర్ల 41 సెంట్ల కథ ఇదే కౌంటీలోది. కష్టాల్లో ఉన్నవాళ్లకు వాయిదాల పద్ధతి ఉంది కానీ అది సొంతంగా ఉంటున్న ఇంటికి, అద్దె ఇంటికి దాని మీద ఆశ పెట్టుకోకండి. ఉత్తరాల అడ్రసు మార్పించండి.

మోడరేటర్
ఫార్మింగ్టన్ గారూ, మీరు పెట్టిన నోటీసు ఫోటోలో ఇంటి అడ్రసు, పార్సెల్ నంబరు కనిపిస్తున్నాయి. ఫోటో తీసేశాం. దయచేసి అందరూ వ్యక్తిగత వివరాలు పెట్టకండి.

కాకినాడ_రెవెన్యూ
ట్రాయ్ అమ్మాయికి ఒక ప్రశ్న. ఒకవేళ గడువు దాటిపోయి ఉంటే, మిగులు డబ్బు ఇప్పుడు యజమానికి దానంతటదే వస్తుందా?

ట్రాయ్_టైటిల్
రాదు అంకుల్. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కోర్టు తీర్పు తర్వాత 2020 చివర్లో చట్టం మార్చారు. ఇల్లు జప్తయిన ఏడాది జులై 1లోగా 5743 నంబరు ఫారం నోటరీ చేయించి కౌంటీకి అందజేయాలి. వేలం అప్పటికి ఇంకా జరగనే జరగదు, ఎంత మిగులుతుందో కూడా తెలియదు. అయినా ముందే చెప్పాలి. తర్వాతి ఏడాది ఫిబ్రవరి 1 నుంచి మే 15 మధ్య మళ్లీ కోర్టులో మోషన్ వేయాలి. అమ్మకంలో 5 శాతం కమిషన్ పోతుంది. వీటిలో ఏ తేదీ తప్పినా డబ్బు కౌంటీకే.

94 ఏళ్ల మనిషికి, ఇల్లు పోయి కారులో పడుకుంటున్న మనిషికి ఇన్ని తేదీలు గుర్తుంటాయా? హక్కు ఉందని కోర్టు చెప్పింది. దాన్ని అందుకునే దారిలో శాసనసభ ఇన్ని గడపలు పెట్టింది. డబ్బు మిగిలితే చెక్కు యజమాని పేరున తనంతట తానే వెళ్లేలా చట్టం మార్చాలని నేను మా రాష్ట్ర ప్రతినిధికి రాశాను. మీరూ రాయండి, సిటిజన్ కానవసరం లేదు, ఇక్కడ పన్ను కడుతున్నాం కదా.

ల్యాండ్ బ్యాంకుకు సంబంధించిన ముక్క కూడా ఒకటుంది. ఇదివరకు సిటీనో కౌంటీనో వేలానికి ముందే కనీస ధరకు, అంటే బకాయి మొత్తానికి, ఇల్లు తీసుకునేది. సౌత్‌ఫీల్డ్‌లో అలా తీసుకున్న ఇళ్ల మీద ఫెడరల్ అప్పీల్ కోర్టు 2022లో యజమానుల పక్షాన తీర్పిచ్చింది. ఇప్పుడు యజమాని క్లెయిమ్ పెట్టి ఉంటే మార్కెట్ విలువ లెక్కన చెల్లించి తీసుకోవాలి.

ఎడిసన్_ఎక్స్‌ప్రెస్
మా దగ్గర కూడా టైలర్ తీర్పు తర్వాత 2024లో చట్టం మార్చారు. న్యూయార్క్ కూడా అదే ఏడాది మార్చింది. అక్కడ 2011 నుంచి ల్యాండ్ బ్యాంకులున్నాయి, సిరాక్యూస్‌లో మా కజిన్ ఇల్లు అలా కొన్నదే. వాళ్లకు టైటిల్ ఇబ్బంది ఏమీ రాలేదు.

క్లీవ్‌లాండ్_బాబాయ్
కాంటన్ బాబు అడిగింది పక్కకు పోయింది. నేనైతే చెప్పేది ఇదీ. ఇల్లు బాగుచేసే ఓపిక ఉంటే ల్యాండ్ బ్యాంకులో కొను. ముందు లోపలికి వెళ్లి చూసుకోవచ్చు, టైటిల్ సంగతి తేలి ఉంటుంది, షరతులు కాగితం మీద ఉంటాయి. ఆ షరతులే నచ్చకపోతే నీకు ఆ వీధిలో ఇల్లు అవసరం లేదని అర్థం. వేలం ఇంట్లో మనుషులుంటే మాత్రం అసలు పాడకు. పన్ను కట్టలేక ఇల్లు పోయినవాళ్లను బయటికి పంపే పని మనం నెత్తిన వేసుకోవద్దు.

ఫ్లింటు_వాసి
బాబాయ్ చెప్పినదానికి నాదొక చేర్పు. డెట్రాయిట్ ల్యాండ్ బ్యాంకు ఆన్‌లైన్ వేలం వెయ్యి డాలర్ల నుంచి మొదలవుతుంది. కొన్నాక సుమారు ఆరు నెలల్లో రిపేరు పూర్తిచేసి మనుషులుండేలా చేయాలి, చేయకపోతే ఇల్లు వెనక్కి తీసుకోవచ్చు. వెయ్యి డాలర్లు కాదు, రిపేరుకు చేతిలో ఎంతుందో అది లెక్క. పైకప్పు, పైపులు, కరెంటు, ఫర్నేసు నాలుగూ పోయిన ఇంటికి పాటపాడిన డబ్బు ఒక మూలకు కూడా రాదు. కాంట్రాక్టర్‌ను తీసుకుని ఓపెన్ హౌస్‌కు వెళ్లి, ఎస్టిమేట్ రాయించుకున్నాకే పాడండి. పక్కింటివాళ్లతో మాట్లాడండి. ఆ ఇంటి చరిత్ర వాళ్లకు తెలిసినంత ఏ ఫైల్లోనూ ఉండదు.

ఖాళీ స్థలాలైతే మీకు రావు. పక్కనే ఇల్లున్నవాళ్లకు సైడ్ లాట్ కింద 100 డాలర్లకు ఇస్తారు. చట్టం వల్ల జరిగిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఎక్కువ పాట పాడినవాడికి కాకుండా, ఇన్నాళ్లూ ఆ స్థలంలో గడ్డి కోసి, చెత్త ఎత్తిన మనిషికి ఇవ్వడం.

ఫార్మింగ్టన్_99
అప్‌డేట్. ట్రెజరర్ ఆఫీసుకు ఫోన్ చేశాను, చాలా మర్యాదగా మాట్లాడారు. 2023, 2024 రెండూ నిన్న కట్టేశాం, రసీదు వచ్చింది. అన్నయ్య హైదరాబాదు నుంచి వీడియో కాల్‌లో ట్రాయ్ అక్కకు థాంక్స్ చెప్పమన్నాడు. వాళ్ల ఆఫీసులో ఇంకో ఇద్దరు అమెరికా నుంచి వెళ్లినవాళ్లకు ఇక్కడ ఇళ్లున్నాయట, వాళ్లిద్దరి లోన్లు కూడా తీరిపోయాయి. వాళ్లనూ చూసుకోమన్నాడు.

ట్రాయ్_టైటిల్
చాలా సంతోషం. వాళ్లకు కౌంటీ వెబ్‌సైటులో పార్సెల్ నంబరు కొట్టి చూసుకోమనండి, బకాయి ఉంటే అక్కడే కనిపిస్తుంది. ఒకవేళ ఎవరిదైనా ఇప్పటికే జప్తయి ఉంటే, 5743 ఫారానికి కావలసిన నోటరీ హైదరాబాదులోని అమెరికన్ కాన్సులేట్‌లో చేయించుకోవచ్చు. అపాయింట్‌మెంటు ముందుగా తీసుకోవాలి, జూన్ చివరి వారం దాకా ఆగితే అందదు.

కాంటన్_గోదారి
అందరికీ పేరుపేరునా థాంక్స్. మా నలుగురం నిన్న కూర్చుని ఈ థ్రెడ్ మొత్తం చదువుకున్నాం. అక్టోబరు వేలం ఆలోచన మానేశాం. ఇద్దరు తప్పుకున్నారు. నేను, ఇంకో ఫ్రెండు కలిసి ఒకే ఇల్లు, ల్యాండ్ బ్యాంకు నుంచే చూస్తాం. మాలో ఒకరు దగ్గరుండి పని చేయించుకునేలా అయితేనే కొంటాం.

డౌన్‌టౌన్ అన్నా, మీరు చెప్పిన పన్ను మినహాయింపు అప్లికేషన్లు నింపేచోట తెలుగువాళ్లెవరైనా సాయానికి రావచ్చా? ఫారాలు నింపడం, స్కాన్ చేయడం మాకు వచ్చు.

డౌన్‌టౌన్_డెట్రాయిట్
తప్పకుండా రండి. శనివారాలు పొద్దున పదింటికి. ల్యాప్‌టాప్ తెచ్చుకోండి, వచ్చేవాళ్ల చేతిలో కాగితాలు ఎక్కువ, మా దగ్గర స్కానర్ ఒక్కటే. అడ్రసు ప్రైవేట్ మెసేజ్‌లో పంపుతున్నాను.